కిందికి దించిన కారు - లోపల అరిగే టైరు

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా కరువు భత్యం, పెన్షను బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్టు, వీటి గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "నలుగురికీ పనికివచ్చే విషయం ఏదైనా చెప్పండి" అని నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను, మెకానిక్కును కాను. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. అయితే ఒక ఇంజనీరింగ్ శాఖ డివిజన్ కార్యాలయంలో పదకొండేళ్లు వాహనాల సీటు చూశాను. లాగ్ బుక్కులు, డీజిలు ఇండెంట్లు, టైర్ల రిజిస్టరు నా చేతి మీదుగా నడిచాయి. ఆ టైర్ల రిజిస్టరు నేర్పిన పాఠం ఒకటి ఈనాడు మన ఇళ్లలోని కుర్రవాళ్లకు అవసరపడుతోంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మనలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు కారు ఉంది. మనం నడపకపోయినా కొడుకో, అల్లుడో, మనవడో నడుపుతాడు. వెనుక సీట్లో కూర్చునేది మాత్రం మనమూ, మన ఇంటి ఆడవారూ, పిల్లలూ. ఈమధ్య కుర్రవాళ్లు కొందరు కొత్త కారు కొనగానే దానిని కిందికి దించుతున్నారు. చక్రానికీ, పైనున్న మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ కనిపించకూడదట. నేలకు ఆనుకుని పోతున్నట్లు ఉంటే అందమట. అందం సంగతి వారి వయసుకు వదిలేద్దాం. దించిన తరువాత చక్రాలకు ఏమవుతుంది, టైరు ఎక్కడ అరుగుతుంది, అది మన ప్రాణాల మీదకు ఎలా వస్తుంది అన్నంత వరకే నేను మనవి చేస్తాను.

ముందు రిజిస్టరు సంగతి. ప్రతి టైరుకూ దాని నంబరు, అమర్చిన తేదీ, అప్పటి మీటరు రీడింగు, ఏ చక్రానికి వేశారు, తీసిన తేదీ, మొత్తం తిరిగిన కిలోమీటర్లు, ఇవన్నీ రాసేవాళ్లం. నిర్ణయించిన కిలోమీటర్లు తిరగకుండానే టైరు కండెమ్ చేస్తే ఆడిట్ వారు ఆబ్జెక్షను రాసేవారు. జవాబు రాయవలసింది సీటు గుమాస్తా. "రోడ్లు బాగులేనందున" అన్న జవాబు ఒక ఏడాది చెల్లుతుంది, మరుసటి ఏడాది చెల్లదు. మా వర్క్‌షాపులో ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు. ఆయన నాతో, "బాబుగారూ, టైరు అరిగింది అని రాస్తే ఏం తెలుస్తుంది? ఎక్కడ అరిగిందో రాయండి. జబ్బు అదే చెబుతుంది" అన్నాడు. ఆనాటి నుంచి రిమార్కుల గడిలో "మధ్యన", "రెండంచులు", "లోపలి అంచు", "బయటి అంచు" అని రాయించాను. ఆడిట్ వారికి జవాబులు వాటంతట అవే దొరికాయి.

ఇది చెప్పుల వంటిదే. ఒకరి చెప్పు మడమ బయటి వైపు అరుగుతుంది, ఒకరిది లోపలి వైపు. చెప్పు తిరగేసి చూస్తే మనిషి నడక తెలుస్తుంది. టైరు కూడా అంతే. గుర్తుంచుకోవలసిన గుర్తులు ఇవి:

1. రెండంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువ.

2. మధ్యన అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ.

3. ఒక్క అంచే నున్నగా అరిగితే చక్రం నిలువుగా లేదు, ఒక పక్కకు ఒరిగింది. దీనిని కాంబర్ తేడా అంటారు.

4. చేత్తో అడ్డంగా రాస్తే ఒక వైపుకు నున్నగా, ఎదురు వైపుకు రంపపు పళ్లలా తగిలితే చక్రం తిన్నగా చూడడం లేదు. దీనిని టో తేడా అంటారు. చెయ్యి బయటి నుంచి లోపలికి రాసినప్పుడు నున్నగా ఉంటే టో ఇన్, అంటే చక్రాల ముందు భాగాలు దగ్గరగా ఉన్నాయి. లోపలి నుంచి బయటికి నున్నగా ఉంటే టో అవుట్, అంటే ముందు భాగాలు ఎడంగా ఉన్నాయి.

5. అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్సార్బర్లో, బ్యాలెన్సింగో చూపించుకోవాలి.

ఇక్కడ ఒక మాట. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు. చక్రం చుట్టూ బరువు సమంగా పడేలా రిమ్ముకు చిన్న బరువులు తగిలించడం బ్యాలెన్సింగు. అది తప్పితే కొంత వేగం దగ్గర స్టీరింగు వణుకుతుంది. చక్రాలు నిలువుగా, తిన్నగా ఉన్నాయా అని కోణాలు కొలిచి సరిచేయడం అలైన్‌మెంటు. అది తప్పితే స్టీరింగు వణకకపోవచ్చు, నడిపేవాడికి ఏ సంగతీ తెలియకపోవచ్చు. టైరు మాత్రం చడీచప్పుడు లేకుండా అరుగుతుంది.

ఇప్పుడు కారును దించితే కోణాలు ఎందుకు మారతాయో చూద్దాం. మా కాలపు జీపుకు ముందూ వెనుకా ఎద్దులబండి ఇరుసులా ఒకే ఇనుప దూలం. రెండు చక్రాలూ ఆ దూలానికే. పట్టీల స్ప్రింగు మీద బాడీ పైకి లేచినా కిందికి దిగినా చక్రాల ఒరుగు మారదు. నేటి చిన్న కార్ల ముందు చక్రాలు అలా లేవు. ఒక్కొక్క చక్రం విడివిడిగా ఆడుతుంది. చక్రాన్ని పైనుంచి పట్టుకోవడానికి స్ప్రింగూ, షాక్ అబ్సార్బరూ కలిసిన ఒక నిలువు స్తంభం ఉంటుంది. మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద దానిని మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. 1983లో మన దేశంలో వచ్చిన మారుతి 800 మొదలుకొని నేటి చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు ఉన్నది ఈ ఏర్పాటే.

ఆ స్తంభం పైకొన బాడీకి బిగించి ఉంటుంది. చక్రం అడుగు భాగాన్ని కంట్రోల్ ఆర్మ్ అనే అడ్డ కమ్మీ పట్టుకుంటుంది. ఆ కమ్మీ లోపలి కొన బాడీ దగ్గర కీలు మీద ఆడుతుంది. మామూలుగా దాని బయటి కొన కాస్త కిందికి వాలి ఉంటుంది. కారును దించామంటే లోపలి కొన బాడీతో పాటు దిగుతుంది. చక్రం నేల మీదనే ఉంటుంది. గోడకు వేసిన నిచ్చెన పైకొన కిందికి జారితే కాళ్లు బయటికి జరుగుతాయి కదా, అలాగే కమ్మీ బయటి కొన బయటికి జరుగుతుంది. చక్రం అడుగు బయటికి పోతుంది. పైభాగం స్తంభానికి కట్టుబడి లోపలికి ఒరుగుతుంది. దీనినే నెగటివ్ కాంబర్ అంటారు. బరువంతా టైరు లోపలి అంచు మీదకు చేరుతుంది.

ఇంతటితో అయిపోలేదు. స్టీరింగు నుంచి చక్రానికి టై రాడ్ అనే మరో కమ్మీ పోతుంది. దాని పొడవు వేరు, అది కీలు పడిన చోటు వేరు. బాడీ దిగినప్పుడు రెండు కమ్మీలూ ఒకే మేర జరగవు. ఆ తేడా చక్రాన్ని ముందు వైపున లోపలికో బయటికో తిప్పేస్తుంది. ఎటు తిప్పుతుందన్నది కారు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. తిప్పడం మాత్రం ఖాయం. అంటే స్ప్రింగు ఒక్కటే మార్చినా కాంబరూ, టో రెండూ మారిపోతాయి.

గుమాస్తాను గనుక లెక్క వేయకుండా ఉండలేను. 165/80 ఆర్ 14 అనే కొలత గల టైరు ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. దాని ముందు అంచుకూ వెనుక అంచుకూ మధ్య టో తేడా 3 మిల్లీమీటర్లు అనుకుందాం. 600కు 3, అంటే 200కు 1. ఆ చక్రం ప్రతి కిలోమీటరుకూ 5 మీటర్లు పక్కకు పోవాలని చూస్తుంది. రెండో చక్రం దానికి ఎదురు లాగుతుంది. కాడికి కట్టిన ఎద్దులు ఒకటి అటూ ఒకటి ఇటూ లాగినట్లు. బండి తిన్నగానే పోతుంది, రబ్బరు మాత్రం కొంత వంగి, కొంత రోడ్డుకు రాసుకుని నష్టపోతుంది. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. ఒక్క ప్రయాణంలో ఆ టైరును పక్కవాటుగా 1,350 మీటర్లు ఈడ్చినట్లు లెక్క.

కాంబరుకు కూడా లెక్క ఉంది. టైరు నేలను తాకే వెడల్పు 13 సెంటీమీటర్లు అనుకుంటే, చక్రం 2 డిగ్రీలు ఒరిగితే లోపలి అంచుకూ బయటి అంచుకూ ఎత్తులో తేడా సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు. బరువు మీద రబ్బరు నొక్కుకుని ఆ తేడా కొంత సర్దుకుంటుంది గాని, ఒత్తిడి లోపలి అంచు మీదే ఎక్కువ. కొత్త కారు టైరు గాళ్ల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు మాత్రమే అని గుర్తుంచుకోండి. కాంబరు ఒక్కటే అయితే టైరును మెల్లగా తింటుంది. టో గబగబా తింటుంది. రెండూ కలిస్తే ఒకడు ఒరగబెట్టి పట్టుకుంటే రెండోవాడు ఆకురాయి పెట్టి అరగదీసినట్లే.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పందెం కార్లకు కావాలనే కొంత నెగటివ్ కాంబర్ పెడతారు. మలుపులో కారు పక్కకు వాలినప్పుడు బయటి వైపు చక్రం నేలను బాగా పట్టుకుంటుంది. వారికి టైరు మన్నిక లెక్కలోనిది కాదు. కూరగాయల మార్కెట్టుకూ, గుడికీ, పెళ్లికీ తిరిగే కారుకు ఆ వైద్యం కొండనాలుకకు మందు వేయడమే.

2018లో మా మేనల్లుడి కొడుకు విషయంలో ఇది కళ్లారా చూశాను. కుర్రవాడు మంచివాడు, చదువుకున్నవాడు. ఒక షాపులో పొట్టి స్ప్రింగులు వేయించి కారు నాలుగున్నర సెంటీమీటర్లు దించాడు. వర్షాకాలం. ఇంటిల్లిపాదీ విజయవాడలో పెళ్లికి బయలుదేరుతున్నారు. నన్ను కూడా ఎక్కించుకోవడానికి వచ్చాడు. కారు వాలకం చూసి, స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి ఉంచమన్నాను.

"టైర్లు కొత్తవే తాతయ్యా, ఏడు నెలలు కాలేదు. ఎనిమిది వేలే తిరిగింది" అన్నాడు.

నిజమే. ఎదురుగా నిలబడి చూస్తే గాళ్లు నిండుగా ఉన్నాయి. వంగి లోపలి అంచు చూస్తే రెండు వేళ్ల వెడల్పున బోడిగా ఉంది. ఒక చోట రబ్బరు కింద దారాలు కనబడుతున్నాయి. రెండో వైపు కూడా అదే పరిస్థితి. పైన పటారం లోన లొటారం అన్న సామెత టైరుకు కూడా వర్తిస్తుందని ఆరోజు అనుకున్నాను. వాడు వేలు పెట్టి చూసి మాట్లాడలేదు. వాళ్ల అమ్మ, ఎనిమిదేళ్ల చెల్లెలు అప్పటికే సామాన్లతో వెనుక సీట్లో కూర్చుని ఉన్నారు.

"అలైన్‌మెంటు చేయించలేదా నాన్నా?" అని అడిగాను.

"చేయించాను తాతయ్యా, స్ప్రింగులు వేయడానికి వారం ముందే."

షాపువారు వేసిన తరువాత మళ్లీ కొలిపించమని చెప్పలేదు. కొలతలన్నీ మారిపోయాక పాత కొలతల కాగితం దేనికి పనికివస్తుంది? పెళ్లివారిని బస్సులో పంపించి, మేమిద్దరం టైర్ల షాపుకు వెళ్లాం. ముందు రెండు టైర్లూ కొత్తవి కొన్నాడు. యంత్రం మీద కొలిస్తే టో సరిచేయగలిగారు, కాంబరు సరికాలేదు. చాలా చిన్న కార్లకు కంపెనీ నుంచి వచ్చేటప్పుడు టో ఒక్కటే సవరించే వీలుంటుంది, కాంబరుకు మర ఉండదు. కాంబర్ బోల్టులు విడిగా కొని వేయవచ్చు గాని వాటికీ ఒక హద్దు ఉంది. చివరకు ఆ నెలలోనే వాడు కంపెనీ స్ప్రింగులు మళ్లీ వేయించుకున్నాడు. నేను బలవంతపెట్టలేదు. చెల్లెలు కూర్చున్న సీటు ఏ చక్రం వెనుక ఉందో చూపించానంతే.

ప్రమాదం సంగతి ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, టైరు గాళ్లు ఉన్నది అందానికి కాదు. వానలో రోడ్డు మీది నీటిని అవి పక్కకు తోసేస్తేనే రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది. లోపలికి ఒరిగిన చక్రానికి బరువు మోసేది లోపలి అంచు. గాళ్లు పోయింది కూడా అక్కడే. బయట నిండుగా కనిపించే గాళ్లు ఆ సమయంలో అంతగా అక్కరకు రావు. బ్రేకు వేస్తే బండి జారుతుంది. దారాలు బయటపడిన టైరు వేగంలో పగలవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం కారు టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాళ్ల మధ్య అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు ఉపరితలం అరిగి వాటితో సమానమైతే దాని ఆయువు తీరినట్లే. ఆ పరీక్ష లోపలి గాడిలో కూడా చేయాలి.

స్ప్రింగు చుట్లు కోసేసి దించడం మరొక పద్ధతి. ఖర్చు తక్కువని కొందరు దానికే మొగ్గుతారు. అది ఇంకా చెడ్డది. కోసిన స్ప్రింగు బిరుసెక్కుతుంది, దాని కొన పీఠంలో సరిగా కూర్చోదు. షాక్ అబ్సార్బరుకు ఆడే చోటు తగ్గి గుంత పడినప్పుడల్లా అడుగుకు కొట్టుకుంటుంది. స్పీడ్ బ్రేకర్ల సంగతి కూడా ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మన కాలనీలలో ఎవరికి తోచినట్లు వారు వేసుకున్న దిమ్మెలు ఆ ప్రమాణాన్ని ఎంతవరకు పాటిస్తాయో మీకు తెలుసు. నలుగురు ఎక్కిన దించిన కారు వాటి మీద అడుగు రాసుకోక తప్పదు.

చట్టం కూడా ఒక మాట చెబుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనంలో మార్పుల గురించినది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధమయ్యేలా యజమాని మార్పులు చేయరాదని దాని సారాంశం. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కనుక స్ప్రింగు కొనేముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మేలు. బీమా కంపెనీకి తెలియజేయకుండా మార్పు చేస్తే క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. కాగితం విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

"మా ఇంట్లో ఎవరూ కారు దించలేదు, మాకెందుకు ఈ గొడవ" అని కొందరు అనుకోవచ్చు. పన్నెండు, పదిహేనేళ్లు తిరిగిన కారు స్ప్రింగులు కుంగుతాయి. మనం దించకపోయినా అది తనంతట తానే దిగుతుంది. కమ్మీల కీళ్ల దగ్గర రబ్బరు బుష్షులు అరుగుతాయి. మన మోకాళ్లలాంటివే అవి కూడా. ఫలితం ఒకటే, లోపలి అంచు అరుగుదల. కనుక ఈ కింది జాగ్రత్తలు అందరికీ వర్తిస్తాయి.

నెలకొకసారి, బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పించి ముందు టైరు లోపలి అంచు చూడండి, తరువాత రెండో పక్కకు. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసిన తరువాతే వంగండి. చెయ్యి రాసేముందు ఉక్కు తీగలు బయటపడ్డాయేమో కళ్లతో చూసుకుని, గుడ్డ చుట్టుకుని రాయండి. వంగలేనివారు మనవడిని ఫోనుతో ఫోటో తీయమనండి.

స్ప్రింగు, షాక్ అబ్సార్బరు, టై రాడ్, బాల్ జాయింటు, వీటిలో ఏది మార్చినా ఆ తరువాత అలైన్‌మెంటు చేయించండి. ముందు చేయించినది చెల్లదు. కొత్త స్ప్రింగులు కొంత దూరం తిరిగాక కుదురుకుంటాయి గనుక కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరోసారి కొలిపించండి. కీళ్లలో లూజు ఉందేమో ముందే చూపించండి. లూజు ఉన్న కీలు మీద చేసిన అలైన్‌మెంటు గేటు దాటేసరికి పోతుంది.

అలైన్‌మెంటుకు డబ్బు ఇచ్చేముందు, సరిచేయక ముందు కొలతలు, సరిచేసిన తరువాత కొలతలు రెండూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. హద్దు దాటిన అంకెలను చాలా యంత్రాలు ఎర్రగా చూపిస్తాయి. ఎర్ర అంకె మిగిలి ఉంటే ఎందుకు మిగిలిందో అడగండి. కాంబరుకు సవరణ లేదని చెబితే, కారణం ఏమిటో పట్టుకోవాలి: కుంగిన స్ప్రింగా, వంగిన భాగమా, దించిన ఎత్తా? ముందు టైర్లు వెనక్కు, వెనుకవి ముందుకు మార్చడం మంచి అలవాటే గాని అది ఈ జబ్బుకు మందు కాదు. కోణం సరిచేయకుండా టైర్లు మారిస్తే నాలుగు టైర్లూ వంతులవారీగా పాడవుతాయి.

మిత్రులారా, కుర్రవాళ్లను కోప్పడి ప్రయోజనం లేదు. మన వయసులో మనమూ సైకిలు హ్యాండిలు వంచుకుని తిరిగినవాళ్లమే. "దించవద్దు" అని చెబితే వినకపోవచ్చు. "దించావు సరే, కొలతల కాగితం చూపించు" అని అడగండి. కాగితం అడగడం మనం జీవితమంతా చేసిన పనే. ఆ తరువాత వాడిని వెంటబెట్టుకుని టైరు లోపలి అంచు చూడండి. అక్కడ కనబడిందే వాడికి పాఠం చెబుతుంది.

 బయట పార్కింగులో మన సభ్యుల కార్లు ఏడెనిమిది ఉన్నట్లున్నాయి. భోజనాల తరువాత ఆసక్తి ఉన్నవారు వస్తే అందరం కలిసి ఒకసారి వంగి చూద్దాం.